మెడ ఆనే చోటు

వదినకు ఆ మాట చెప్పేసి, పొయ్యిమీద నీళ్ళు మరిగేంత సేపట్లో ఇంటికి తిరిగి రావచ్చనుకుని బుల్లి దుకాణానికి బయలుదేరింది. దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూనే నడిచింది. అన్నయ్య ఫోన్ చేశాడని మొదలుపెట్టాలి. దుకాణం ఫోన్లమ్మే ఆయనకు ఇచ్చేస్తానని మాటిచ్చేశాడట, నిన్ను తనున్న పట్నానికే వచ్చి కాపురం చూసుకోమంటున్నాడు, అందులో తప్పేముంది వదినా, అనాలి. తప్పేముంది అన్నచోట కాస్త నవ్వాలి. బుల్లి నోట్లో నువ్వుగింజ నానదని చిన్నప్పటినుంచీ అందరూ వెక్కిరించేవారు. అలాంటిదానికి ఇదొక లెక్కా?

షట్టరు సగమే ఎత్తి ఉంది. వంగి లోపలికి దూరేసరికి గది మధ్యలో గోనెసంచుల మీద ఓ పెద్ద సింకు పడుకోబెట్టి ఉంది. దాని పక్కన వదిన మోకాళ్ళమీద కూర్చుని, చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి గీకుతోంది. జుట్టుకు తువ్వాలు చుట్టుకుంది. ముక్కు కొసన ఆకుపచ్చ రంగు పెచ్చు ఒకటి అతుక్కుని ఉంది.

"వచ్చావా. ఇంద," అంటూ తల తిప్పకుండానే ఒక చెక్కబద్ద అందించింది. "ఊరికే నిలబడితే కాళ్ళు పీకుతాయి."

బుల్లి అందుకుంది. చేతికిచ్చిన వస్తువును అందుకోకుండా ఉండటం ఎలాగో ఆమెకు తెలియదు. అందుకున్నాక కూర్చోక తప్పలేదు.

ఆ దుకాణంలో కిందటేడు దాకా అన్నయ్యే మగవాళ్ళకు జుట్టు కత్తిరించేవాడు. దూరపు పట్నంలో అద్దాల సెలూన్‌లో పని దొరకడంతో తాళం వేసి వెళ్ళిపోయాడు. ఆ తాళం తీసింది వదిన. పని మొదలైనప్పటినుంచీ రాత్రిళ్ళు కూడా దుకాణంలోనే పడుకుంటోంది. ఆడవాళ్ళకు తలస్నానం చేయించడం, జుట్టు కత్తిరించడం, రంగు వేయడం వేరొకరి దగ్గర కిందామీదా పడి నేర్చుకుంది. వచ్చే వారమే తెరుస్తానని వీధిలో అందరికీ చెబుతోంది. వెనకగదిలో చీపుళ్ళు, రంగుడబ్బాల కింద ఈ సింకు బయటపడిందట. పోత ఇనుముది. నలుగురు పడితే గాని లేవనంత బరువు. ముందు అంచు మధ్యలో నెలవంకలాగా చిన్న ఒంపు ఉంది, కూర్చుని వెనక్కి వాలితే మెడ ఆనడానికి. ఎవరో ఏ కాలంలోనో దానికి తలుపులకు వేసే ఆకుపచ్చ రంగు పులిమేశారు. ఆ ఒంపు దగ్గర గోరంత మేర రంగు రాలి, లోపల తెల్లటి పింగాణీ పూత కనిపించేసరికి, అదిగో అప్పుడు పుట్టింది వదినకు ఈ పిచ్చి.

"కొత్తది కొనుక్కోకపోయావా?" అంది బుల్లి.

"కొత్తవి రేకులు. నీళ్ళు పడితే డబడబమంటాయి. తల పెట్టినవాళ్ళకు వానలో రేకుల కింద పడుకున్నట్టుంటుంది."

వేడినీళ్ళలో చాకలి సోడా కలిపి, అందులో గుడ్డపీలికలు ముంచి, రంగుమీద పరిచి కాసేపు వదిలేయాలి. గుడ్డ తీసేసరికి రంగు ఉబ్బి, ముడతలు పడుతుంది. అప్పుడు చెక్కబద్దను ఏటవాలుగా పెట్టి నెడితే పాలమీద మీగడలా లేస్తుంది. లేవనిచోట మళ్ళీ గుడ్డ. బుల్లికి అంత ఓపిక లేదు. పక్కనున్న చాకు తీసుకుని ఒక మొండి పెచ్చు కింద పెట్టిందో లేదో, వదిన ఆమె మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"ఇనుము తగిలితే పూత గీసుకుపోతుంది. గీతలో మురికెక్కితే ఇంక ఈ జన్మకు వదలదు. అందులో ఎవరు తల పెడతారు?"

బుల్లి చాకు కింద పెట్టింది. ఈ పెచ్చు ఊడాక చెబుదాం అనుకుంది. అది ఊడింది. ఈ పక్కంతా అయ్యాక చెబుదాం అనుకుంది. వీధిలో ఎండ షట్టరు కింద నుంచి లోపలికి పాకి, మళ్ళీ వెనక్కి పోయింది. చేతులు సోడాకు పాలిపోయి ముడతలు పడ్డాయి. ఇంటికి వెళ్ళేటప్పుడు వదిన, "రేపు కాస్త పెందలాడే రా," అంది. బతిమాలినట్టు కాదు, పిలిచినట్టూ కాదు. వస్తావని తెలిసినట్టు అంది.

బుల్లి తలూపి, తేలు కుట్టిన దొంగలా ఇంటిదారి పట్టింది.

అసలు బాధ ఏమిటంటే, ఆ కబురు చెప్పడంలో బుల్లికీ ఒక ఆశ ఉంది. పెళ్ళి ఊసు ఇంట్లో ఎత్తడం మానేసి చాలాకాలమైంది. అన్న ఇంట్లో వెనకగదిలో ఉంటుంది, అన్న పెట్టింది తింటుంది. అలాంటి తనకు ఫోన్లాయన ఆ దుకాణంలో పెట్టబోయే ఫోన్ల కొట్టులో ఒక కుర్చీ, కూర్చుని చేసే పని ఇస్తానన్నాడట. "నీకోసమే ఒప్పించాను," అని అన్నయ్య ఫోన్‌లో గొంతు తగ్గించి చెప్పాడు. ఆ రోజంతా బుల్లి కళ్ళముందు అద్దాల బల్ల, తిరిగే పంకా, దానికింద తను. ఇక వదినకు చెప్పే పని కూడా ఆమెకే అప్పజెప్పాడు. నేను చెబితే గొడవవుతుంది, నువ్వైతే మెల్లగా చెబుతావు, అన్నాడు. అన్నయ్యది ఎప్పుడూ అదే తీరు. మంచి కబురు తను మోసుకొస్తాడు, చేదు కబురు ఇంకొకరి నోట్లో పెడతాడు. చిన్నప్పుడు అన్నయ్య పగలగొట్టిన అద్దం సంగతి అమ్మకు చెప్పిందీ బుల్లే, దెబ్బలు తిన్నదీ బుల్లే.

మర్నాడు ప్లంబరు వచ్చాడు. తెల్ల మీసాలాయన, నోరూ పానా రెండూ ఊరుకోవు. సింకు అడుగున నీళ్ళు పోయే దారికి బిగించిన ఇత్తడి నట్టు తుప్పుతోనూ సున్నంతోనూ ఏకమైపోయింది. ముందురోజే దానికి కిరసనాయిలు పట్టించి ఉంచారు. అయినా పానా వేసి తిప్పితే సింకు మొత్తం కదులుతోంది గాని నట్టు కదలడం లేదు.

"ఆడపడుచు అర్ధమొగుడంటారు," అన్నాడు ప్లంబరు బుల్లిని చూసి. "ఆ మొగతనమేదో ఇప్పుడు చూపించమ్మా. ఆ అంచు గట్టిగా పట్టుకో."

బుల్లి పట్టుకుంది. ఆయన సుత్తి తీయబోతే వదిన వద్దంది. సుత్తి దెబ్బకు లోపలి పూత పెంకులు పెంకులుగా లేచిపోతుందని ఆమె భయం. ఆయన నవ్వి, ఇది నట్టమ్మా, నట్టింటి కోడలు కాదు బుజ్జగించడానికి, అన్నాడు. కాని సుత్తి పక్కన పెట్టాడు. మరుగుతున్న నీళ్ళలో ముంచిన గుడ్డ నట్టు చుట్టూ కట్టమన్నాడు. ఇంకా వేడినీళ్ళు తేవడానికి వదిన వెనకగదిలోకి వెళ్ళింది.

అప్పుడే షట్టరు కింద రెండు నిగనిగలాడే బూట్లు కనిపించాయి. వాటి వెనక, కొలత టేపు పట్టుకున్న చెయ్యి.

ఫోన్లాయనే అయి ఉంటాడనుకుంది బుల్లి. సింకు అంచు వదిలేసి, ఆయన వంగేలోపే తను వంగి బయటికి వచ్చేసింది. ఫోన్లాయన ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. చెల్లెలివి నువ్వేనా అని అడిగి, గాజు బీరువాలకు కొలత తీసుకోవాలి, లోపలికి దారివ్వమన్నాడు. ఇప్పుడు కాదండీ, లోపల తడిగా ఉంది, అంది బుల్లి. ఆయన మెడ సాచి లోపలికి చూశాడు.

"ఆ ఇనప తొట్టి ఇంకా ఉంచారేమిటి? పాతసామాన్లవాణ్ణి పిలవమన్నానే మీ అన్నయ్యను."

"పిలుస్తామండీ."

"ఇంకో మాట. కొట్టులో నవ్వుతూ కూర్చోవాలి. ఎక్కువ మాట్లాడకూడదు. ఏదడిగినా నన్నడిగి చెబుతానని చెప్పాలి, అంతే."

బుల్లి నవ్వింది. నవ్వు ముఖంమీద అతికించినట్టుందని ఆమెకే తెలుస్తోంది. ఆయన టేపును టక్కుమని లోపలికి వదిలి, ఎల్లుండి వస్తానని వెళ్ళిపోయాడు. ఆమె తిరిగి లోపలికి దూరేసరికి వదిన వేడినీళ్ళ గిన్నెతో గది మధ్యలో నిలబడి ఉంది.

"ఎవరు?"

"ఎవరో. కొట్టు పొరబడ్డాడు," అంది బుల్లి.

ప్లంబరు కనుబొమ్మల కిందినుంచి ఒక చూపు చూశాడు. అంతసేపూ ఊరుకోని ఆ నోరు అప్పుడు ఊరుకోవడంతో బుల్లికి మరీ భయం వేసింది. ఆయన వేడిగుడ్డ విప్పి, పానా వేసి, వదిలే వైపు కాకుండా ముందు బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి నొక్కాడు. లోపలెక్కడో చిటుక్కుమంది. తరువాత వెనక్కి తిప్పితే నట్టు ఏడుస్తున్నట్టు చప్పుడు చేస్తూ తిరిగింది. వదిన కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. చెప్పావా అని అడిగాడు.

"చెప్పినట్టే," అంది బుల్లి.

ఏమంది అని అడిగాడు. ఏమీ అనలేదు, అంది. అది అబద్ధం కాదు. అవతల అన్నయ్య కుదుటపడ్డాడు. అర్థం చేసుకుంటుందని తనకు తెలుసన్నాడు, నువ్వు చెబితే ఎవరైనా వింటారన్నాడు, ఎల్లుండి పొద్దున్న బస్సుకు తనే వచ్చి తీసుకెళతానన్నాడు. ఫోన్ పెట్టేశాక బుల్లి చాలాసేపు గోడకానుకుని కూర్చుంది. అటు చెప్పానని, ఇటు ఏమీ లేదని. రెండువైపులా తనే కప్పేసింది. ఇక తెరవాల్సిందీ తనే.

మరుసటి రోజు పని నెమ్మదిగా సాగింది. పచ్చరంగంతా పోయాక సింకు బయటపడిన తీరు చూసి బుల్లి తన గొడవ కాసేపు మరిచిపోయింది. పూత చిక్కటి పాల రంగులో ఉంది. కుళాయి కారినచోట మాత్రం పొడుగ్గా తుప్పుచార. నిమ్మఉప్పు ముద్దచేసి దానికి పట్టించి, తడిగుడ్డ కప్పి, ఆరకుండా చూస్తూ, మెత్తటి గుడ్డతో రుద్దాలి. అంగట్లోవాడు బాత్రూముల యాసిడ్ అంటగట్టబోతే వదిన తీసుకోలేదు. అది మరకనూ తింటుంది, పూతనూ తింటుంది, అంది. చార గోధుమరంగులోకి, ఆ తరువాత లేత పసుపులోకి దిగింది. అంతకంటే దిగలేదు. ఉండనీ, ముసలిదానికి ఒక మచ్చైనా లేకపోతే ఎవరూ నమ్మరు, అని వదిన దాన్ని వదిలేసింది.

ఎడమ అంచున పూత లేచిపోయి ఇనుము కనిపిస్తున్నచోటు ఒకటుంది, అరచేతిలో సగం. బుల్లి దాన్ని గరుకు కాగితంతో తుప్పుపోయి ఇనుము మెరిసేదాకా రుద్దింది. వదిన రెండు గొట్టాలలోని లప్పం కలిపి, అందులో నింపి, తడివేలితో చదును చేసింది. గట్టిపడ్డాక మళ్ళీ రుద్ది, తెల్లరంగు పల్చగా ఒక పూత, ఆరాక ఇంకో పూత. ఇద్దరి తలలూ ఆ అరచేతి మేర మీదికి వంగి ఉన్నాయి. ఒకరి ఊపిరి ఒకరికి తగులుతోంది.

"పట్నంలో ఆయన దగ్గరికి వెళ్ళి కొన్నాళ్ళున్నాను కదా," అంది వదిన, కుంచె కొసను రంగులో అద్దుతూ. "పొద్దున్న వెళితే దీపాలు పెట్టాక వచ్చేవారు. నాలుగు గోడలు, నేను. ఒకరోజు కూరగాయలబ్బాయితో అరగంట మాట్లాడాను. వాడు పాపం, నాకేదో అయిందనుకున్నాడు."

బుల్లి నవ్వబోయింది. అంతలోనే ఆగి, చేతిలోని గరుకు కాగితం కింద పెట్టింది. ఇప్పుడు చెప్పాలి. ఇంతకంటే మంచి సమయం రాదు.

"వదినా."

"ఊ?"

"ఇక్కడ రంగు కాస్త జారింది."

వదిన కుంచె తిప్పి ఆ జారిన బొట్టును అద్దింది.

మధ్యాహ్నం ప్లంబరు వీధిలోంచి ముగ్గురిని పట్టుకొచ్చాడు. సింకును గోడకు బిగించిన ఇనప కమ్ముల మీదికి ఎత్తేటప్పుడు ఒకతని చెయ్యి జారింది. ఒక్క క్షణం ఆ బరువంతా ఒక మూలకు ఒరిగింది. వదిన అరవలేదు. తను పోయి ఆ మూల కింద భుజం పెట్టింది. బుల్లి కూడా ఏమీ ఆలోచించకుండా ఆమె పక్కన దూరింది. ఇనుము చల్లగా భుజంలోకి దిగింది. ప్లంబరు తిడుతూ కమ్మి సరిచేశాడు. సింకు గోడకు కూర్చుంది.

నిమ్మచెక్కా ఉప్పూ పెట్టి తోమిన ఇత్తడి కుళాయిలు రెండూ బిగించాక, అడుగున కాగితాలు పరిచి, బిరడా పెట్టి, అంచుదాకా నీళ్ళు నింపారు. వదిన నేలమీద పక్కకు ఒరిగి పడుకుని కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. ఒక చుక్క పడింది. ప్లంబరు నట్టు ఇంకాస్త బిగించాడు. మళ్ళీ చూసింది. కాగితం పొడిగానే ఉంది. ఆమె లేచి, చేతులు దులుపుకుని, ఎవరివైపూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది.

ఆ మర్నాడు పొద్దున్నే బుల్లి గట్టిగా అనుకుని బయలుదేరింది. అన్నయ్య బస్సు దిగేలోపు చెప్పేయాలి. వదిన కొడుతుందో తిడుతుందో, ఏదైనా పడాలి. దుకాణంలోకి అడుగు పెట్టేసరికి సింకు ముందు కుర్చీ వేసి ఉంది. పక్కన వేడినీళ్ళు, మడతపెట్టిన తువ్వాలు.

"కూర్చో," అంది వదిన. "ఆ ఒంపు మెడకు సరిగ్గా ఆనుతుందో లేదో చూడాలి. నా మెడ నేను చూసుకోలేను కదా."

"వదినా, నీకొక మాట చెప్పాలి."

"కూర్చుని చెప్పు. నీళ్ళు చల్లారిపోతాయి."

బుల్లి కూర్చుంది. వదిన మడత తువ్వాలు ఒంపులో పెట్టి, ఆమె భుజాలు పట్టి వెనక్కి వాల్చింది. మెడ సరిగ్గా అందులో కుదిరింది. కళ్ళకు పైకప్పు తప్ప ఏమీ కనిపించలేదు. గోరువెచ్చటి నీళ్ళు తలమీద పడ్డాయి. రేకుల చప్పుడు లేదు. వదిన వేళ్ళు షాంపూతో జుట్టులోకి దిగి, చెవుల వెనకనుంచి పైకి, పైనుంచి మెడదాకా, ఒక లెక్కగా కదిలాయి. అమ్మ పోయాక బుల్లి తలమీద ఎవరి చెయ్యీ పడలేదు. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది. ఆ చేతులు ఇంకొంచెంసేపు కదలాలని ఉంది ఆమెకు. అంత స్వార్థం తనలో ఉందని అప్పుడే తెలిసింది.

షట్టరు పూర్తిగా పైకి లేచిన చప్పుడైంది.

"పని మొదలెట్టేశారే," అంది అన్నయ్య గొంతు. చేతిసంచీ నేలమీద పెట్టిన చప్పుడు. "ఇంకా సామాను సర్దలేదా? బుల్లి అంతా చెప్పిందిగా?"

వదిన వేళ్ళు ఆగాయి. ఆగాయే గాని జుట్టులోంచి బయటికి రాలేదు.

"ఏం చెప్పింది?"

వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది. బుల్లి కప్పు వంకే చూస్తోంది. తల ఎత్తడానికి వీల్లేదు, తిప్పడానికి వీల్లేదు. నురుగు ఒక్కొక్క బుడగే చెవి దగ్గర పగులుతోంది.

"నేను చెప్పలేదన్నయ్యా," అంది చివరకు. "ఆ మాట నీది. నువ్వే చెప్పుకో."

"చెప్పానన్నావు కదే."

"చెప్పినట్టే అన్నాను. చెప్పలేదు."

అన్నయ్య ఒక అడుగు ముందుకు వేశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు. తరువాత మాట్లాడుకుందాం అన్నాడు. ప్రయాణంలో నిద్ర లేదన్నాడు. ముందు కాస్త టీ తాగి, అన్నాడు.

"ఇప్పుడే చెప్పండి," అంది వదిన. "చేతులు ఖాళీ లేవు గాని, చెవులు ఖాళీగానే ఉన్నాయి."

అన్నయ్య చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, నీళ్ళు నములుతూ చెప్పాడు. మాటిచ్చేశాననీ, అక్కడ గది చూశాననీ, అందరి మంచికేననీ, ఒక్కదానివీ ఇక్కడ ఎలా నెట్టుకొస్తావనీ. బుల్లి కుర్చీ సంగతి కూడా చెప్పాడు. "దానికి ఆ కొట్టులోనే పని కూడా మాట్లాడాను. కావాలంటే దాన్నే అడుగు," అన్నాడు.

బుల్లి తలలోని వేళ్ళు ఒక్కసారి బిగిశాయి. జుట్టు కుదుళ్ళు లాగాయి. తరువాత ఆ వేళ్ళు వదులై, మళ్ళీ కదలసాగాయి, ఇందాకటికంటే నెమ్మదిగా.

"నేను రాను," అంది వదిన. "ఈ దుకాణం వదలను."

గొంతు పెరగలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. అన్నయ్య ఏదో అనబోయాడు. గోడమీది సింకును చూశాడు, తోమిన కుళాయిలను చూశాడు, వాటి పక్కనే నురుగులో మునిగిన చెల్లెలి తలను చూశాడు. మాట ఇచ్చేశాను, ఆయనకు నేనేం చెప్పను, అన్నాడు. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది.

"ఇచ్చింది మీరే కదా," అంది వదిన.

అన్నయ్య గొంతు చెల్లెలివైపు తిరిగింది. తరువాత, ఎప్పటి గొంతుతోనే, మెల్లగా, ముద్దుగా అన్నాడు: "బుల్లీ, నువ్వొకసారి వెళ్ళి ఆయనతో..."

"నా తల తడిగా ఉందన్నయ్యా," అంది బుల్లి.

అడుగుల చప్పుడు బయటివైపు వెళ్ళింది. సంచీ తీసుకున్నాడో వదిలేశాడో తెలియలేదు. గుమ్మం దగ్గర ఆగాడు. ఫోన్ నొక్కిన శబ్దం, దగ్గి గొంతు సవరించుకున్న శబ్దం వినిపించాయి. తరువాత, "నమస్కారమండీ, ఆ దుకాణం విషయం..." అంటూ ఆ గొంతు వీధిలోకి వెళ్ళి కలిసిపోయింది. ఏం చెప్పాడో వినిపించలేదు. ఈ సాయంత్రం అన్న ఇంట్లో వెనకగది తలుపు తనకు తెరిచి ఉంటుందో లేదో కూడా బుల్లికి తెలియదు.

వదిన చెంబు ముంచిన చప్పుడైంది గాని నీళ్ళు పడలేదు.

"ఇన్ని రోజులు నా పక్కనే కూర్చున్నావు," అంది వదిన. "ఆ వచ్చింది కొట్టు పొరబడ్డవాడు కాదు కదా. నా పక్కనే కూర్చుని, నాతోపాటు గీకావు. ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"రోజూ అనిపించింది."

"అయితే?"

కుర్చీ మీద ఆశ ఉందని చెప్పవచ్చు, భయమేసిందని చెప్పవచ్చు, ఈ పని బాగుందని కూడా చెప్పవచ్చు. అన్నీ నిజమే. కంటికొసనుంచి ఒక చుక్క జారి నురుగులో కలిసిపోయింది.

వదిన ఎడమచెయ్యి ఆమె నుదుటిమీద అడ్డంగా పెట్టింది, నీళ్ళు ముఖంమీదికి రాకుండా.

"రేపట్నుంచి ఏదున్నా అప్పటికప్పుడే చెప్పు," అంది. "ఇప్పుడు కళ్ళు మూసుకో. నురుగు పడుతుంది."

బుల్లి కళ్ళు మూసుకుంది.